దస్తీ వేసిన సీటు

సూర్యాపేట బస్టాండులో మోతె బస్సు ఇంకా ఆగకముందే, కిటికీలోంచి సీటు మీదికి గురి తప్పకుండా దస్తీ విసరగల మనిషి ఒకప్పుడు తిరుమలేష్ ఒక్కడే. జేబురుమాలును మా వైపు దస్తీ అంటారు. ఖాళీ సీటు మీద ఎవరి దస్తీ పడితే ఆ సీటు వాళ్లది. ఎంత మొండి మనిషైనా ఆ గుడ్డముక్కను చూసి పక్క సీటు వెతుక్కోవలసిందే. పండుగకు మోతెలోని అత్తగారింటికి పోయేటప్పుడు భార్యకూ, మరదలికీ, సంచులకూ కూడా తిరుమలేష్ దస్తీలే సీట్లు ఆపేవి. "మా పెద్దల్లుడు ఉంటె బస్సుల నిలవడే బాధ లేదు" అని అత్త పిచ్చమ్మ బస్సంతా వినపడేటట్టు చెప్పేది. ఆ మాట విన్న ప్రతిసారీ అతని ఛాతీ ఖాకీ చొక్కా గుండీలను పరీక్షించేది.

ఖాకీ చొక్కా ఎందుకంటే అతను హోంగార్డు. జాతీయ రహదారి మీద, సూర్యాపేట బైపాసు కూడలిలో డ్యూటీ. లారీలను ఆపడం, ఆటోలను జరపడం, ఎక్కడైనా బండి బోల్తా కొడితే అందరికంటే ముందు ఉరకడం అతని పని. ఊళ్లో వాళ్లు పోలీసాయన అంటారు, స్టేషన్లో వాళ్లు హోంగార్డు అంటారు. ఈ రెండు పిలుపుల మధ్య మనిషి నలభై దాటేదాకా హాయిగానే బతికాడు. నలుగురికీ సాయపడే మనిషి. ఎవరి సొమ్ముకూ ఆశపడడు. కిషన్ పేరు ఎత్తనంత వరకు అతనిలో వంక పెట్టడానికి ఏమీ దొరకదు.

కిషన్ అతని సడ్డకుడు, అంటే భార్య మాధవి చెల్లెలు రూప మొగుడు. పాలకీడు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. తల మీద తెల్ల హెల్మెట్, మెడలో గుర్తింపు కార్డు. పెళ్లయిన కొన్నాళ్లకే కారు కొన్నాడు. ఆ కారుతో తిరుమలేష్ దస్తీకి పని లేకుండా పోయింది. ఇప్పుడు పిచ్చమ్మ ఎక్కడికి పోవాలన్నా ముందు సీట్లో కూర్చుని పోతుంది. ఆమె ఇంట్లో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే ఉండేది. అది పెద్దల్లుడి కుర్చీ. ఒక పండుగనాడు తిరుమలేష్ కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అందులో కిషన్ కూర్చుని ఉన్నాడు. అతను లేవబోయాడు కూడా. "కూసో బిడ్డా, ఆయన మంచం మీద కూసుంటడు" అంది పిచ్చమ్మ. ఆ రోజు కోడి కాలు ముక్క కూడా కిషన్ పళ్లెంలోనే పడింది. తిరుమలేష్ మెడ ముక్క చీకుతూ కూర్చున్నాడు.

పోనీ కిషన్ చెడ్డవాడా అంటే కాదు. తాగడు, గొప్పలు పోడు, కనిపిస్తే "అన్నా" అని నోరారా పిలుస్తాడు. అసలు బాధ అదే. కాస్త పొగరున్నవాడైతే తిట్టుకోవడానికి సాకు దొరికేది. ఏ వంకా లేని మనిషిని చూసి ఏడవడం ఎంత కష్టమో ఏడ్చినవాళ్లకే తెలుసు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పిచ్చమ్మ ఫోనులో ఎవరో చుట్టాలతో మాట్లాడుతోంది. తిరుమలేష్ పక్కనే మంచం మీద పడుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుంది. "సిన్నల్లుడు ఆఫీసరు. కంపెనీల ఆయన మాటంటె మాటే" అని, అవతల నుంచి ఏదో అడిగితే, "పెద్దల్లుడా? ఆయన గూడ డూటీ చేస్తడు" అంది.

ఆ "గూడ" దగ్గర తిరుమలేష్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఈ ఇంటికి అల్లుడు. చివరికి తన వాటాకు వచ్చింది రెండక్షరాల గూడ.

ఇంటికి రాగానే మాధవితో "నేను డిగ్రీ చేస్త" అన్నాడు.

"ఇప్పుడా? మన అఖిల ఇంటర్‌ల ఉంది. నువ్వు, బిడ్డ కల్సి పోతరా కాలేజీకి?" అంది మాధవి. "ఏం డిగ్రీ?"

"సేఫ్టీది. కిషన్ సదివినదానికన్న పెద్దది."

మాధవి నవ్వాపుకోలేకపోయింది. "గదేమన్న బట్టల దుకాణంల చీరనా, పక్కింటామె కట్టినదానికన్న పెద్దంచుది సూపియ్యమననీకి?"

తిరుమలేష్ నవ్వలేదు. ఇంటర్ పాసై మానేసిన చదువు. తండ్రి పోవడం, ఇల్లు మీద పడడం, హోంగార్డు పిలుపు రావడం, అన్నీ ఒకే ఏడాది జరిగాయి. అప్పుడు ఏ డిగ్రీ దొరికినా చదివేవాడే. ఇప్పుడలా కాదు. ఏది చదివితే ఆ కుర్చీ తిరిగొస్తుందో అది కావాలి.

మొదట కోదాడ పోయాడు. అక్కడ ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చెప్పే సెంటరు ఒకటి ఉందని విన్నాడు. లోపల కూర్చున్నాయన మర్యాదస్తుడు. కోదాడ మాట కదా, ఆంధ్రా యాస తగులుతుంది.

"రండి, కూర్చోండి. వయసుదేముందండీ, చదవాలనే మనసుండాలి గానీ. ఏడాది కోర్సు. మన దగ్గర చదివినోళ్లు ఏ స్థాయిలో ఉన్నారో అటు చూడండి" అని గోడ చూపించాడు.

గోడ మీద నిలువెత్తు ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో తెల్ల హెల్మెట్ పెట్టుకుని కిషన్.

"ఈయన పాలకీడులో సేఫ్టీ ఆఫీసరండి. బంగారం లాంటి మనిషి. ఏటా ఒకసారి వచ్చి కొత్త పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్తాడు. మీకు తెలుసేమో?"

"తెల్వదు" అన్నాడు తిరుమలేష్.

పుండు మీద కారం చల్లినట్టయింది. ఇక్కడ చేరితే కిషన్ పాఠం చెప్పే బల్ల ముందు తను చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒకవేళ పాసైనా ఫోటో పెట్టడానికి గోడ మీద కిషన్ కాళ్ల కింద తప్ప జాగా లేదు. మంచినీళ్లు కూడా తాగకుండా లేచి వచ్చాడు. చక్కని కోర్సు, చక్కని మాస్టారు. ఫ్లెక్సీ ఒక్కటే అడ్డమొచ్చింది.

తర్వాత మిర్యాలగూడ. రైసుమిల్లుల మీదుగా వచ్చే ఊక వాసన దాటుకుని, ఒక పాత భవనంలో నడుస్తున్న కాలేజీకి పోయాడు. అక్కడ డిప్లొమా కాదు, ఏకంగా ఇండస్ట్రియల్ సేఫ్టీలో డిగ్రీ అని బోర్డు ఉంది. డిగ్రీ అన్న మాట కళ్లకు బెల్లంలా కనిపించింది.

"నాకు డ్యూటీ ఉంటది సార్. రోజు క్లాసుకు ఎట్ల రావాలె?" అని అడిగాడు.

"ఎవలు రమ్మన్నరు?" అన్నాడు కౌంటర్లో మనిషి. "పేరు రాయించుకో, ఇంట్ల ఉండు. పరీక్షల సంగతి మేం సూసుకుంటం. సర్టిఫికెట్ నీ చేతికొస్తది."

తిరుగు బస్సులో తిరుమలేష్ గాల్లో తేలాడు. ఆ సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి, మోతెలో అత్తగారి గోడకే మేకు కొట్టి తగిలించినట్టు, కిషన్ తలెత్తి చదువుతున్నట్టు కలలు కన్నాడు. బస్సు సగం దూరం వచ్చేసరికి వేరే సంగతి గుర్తొచ్చింది. పోయిన పండుగనాడు అఖిల, తన కన్నకూతురు, కిషన్‌ను పట్టుకుని "బాబాయ్, గ్యాస్ లీకైతే లైటు ఎందుకు వెయ్యొద్దంటరు?" అని అడిగింది. పక్కన తండ్రి ఉన్నాడని కూడా చూడలేదు. కిషన్ అన్నం చేయి కడుక్కోకుండానే స్విచ్చులో రేగే చిన్న మెరుపు గురించి చెప్పాడు. ఇంటిల్లిపాదీ నోళ్లు తెరుచుకుని విన్నారు. రేపు తను గోడకు సర్టిఫికెట్ తగిలించాక అఖిల ఇలాంటిదే ఏదో అడిగితే? తను నీళ్లు నములుతుంటే కిషన్ పక్క నుంచి మెల్లగా జవాబు అందిస్తే? తలుచుకుంటేనే ఒళ్లు మండింది. చదవని డిగ్రీ వద్దనుకున్నాడు. ధర్మబుద్ధి వల్ల అనుకునేరు. అచ్చంగా కుళ్లు వల్లే అతను ఆ మోసం నుంచి బయటపడ్డాడు.

చివరికి వెతికిన తీగ ఇంటి దగ్గరే కాలికి తగిలింది. సూర్యాపేటలోనే దూరవిద్య కేంద్రం ఉంది. పనులు చేసుకునేవాళ్లకు ఆదివారాలు క్లాసులు. దాన్ని చూసుకునే జోసెఫ్ సార్ ఈ ఏడు కొత్తగా పబ్లిక్ సేఫ్టీ డిగ్రీ పెట్టారని చెప్పాడు.

"రోడ్డు ప్రమాదాలు, అగ్గి, వరదలు, జాతరల జనం. ఎక్కడైనా సరే మనుషుల పానాలు కాపాడే సదువు ఇది. నువ్వు చేసే పనే, పుస్తకంల ఉంటది" అని ఒక పుస్తకం చేతిలో పెట్టాడు.

తిరుమలేష్ మధ్యలో తెరిచాడు. గుంపు గురించిన పాఠం. ముందున్నవాళ్లు ఆగిపోయిన సంగతి వెనకవాళ్లకు తెలియదు కాబట్టి వాళ్లు తోస్తూనే ఉంటారని రాసి ఉంది. పెద్దగట్టు జాతరలో బందోబస్తుకు నిలబడిన రోజు కళ్ల ముందు కదిలింది. తాడు పట్టుకుని "ఆగుండ్రి, ఆగుండ్రి" అని ముందువాళ్ల మీద అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. అరవాల్సింది వెనకవాళ్ల మీద అన్నమాట. నిలబడే రెండు పేజీలు చదివాడు. ఆ కాసేపు కిషన్ గుర్తు రాలేదు. పేజీ తిప్పాక మాత్రం, ఇది కిషన్ దగ్గర లేదు కదా అని గుర్తొచ్చింది. అసూయ టీ తాగడానికి పోయి వచ్చినట్టు మళ్లీ వచ్చి తన చోట కూర్చుంది.

"ఈ వయసుల ఎందుకు సదవాలనిపించింది?" అని జోసెఫ్ సార్ అడిగాడు.

"డ్యూటీకి పనికొస్తదని సార్" అన్నాడు తిరుమలేష్. ఆ రోజే చేరిపోయాడు. చేరడానికి నెలాఖరు దాకా గడువుందని తలుపు మీద కాగితం అంటించి ఉంది.

మరుసటి వారమే మోతెలో ముత్యాలమ్మ పండుగ. అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు తిరుమలేష్ గొంతు సవరించుకుని తను డిగ్రీలో చేరిన సంగతి చెప్పాడు. పిచ్చమ్మ వడ్డన ఆపింది. అతను ఎదురుచూసిన క్షణం అదే.

"ఏం డిగ్రీ బిడ్డా?"

"పబ్లిక్ సేఫ్టీ అత్తమ్మా."

"సెక్యూరిటీనా?" అంది పిచ్చమ్మ. ఆమెకు సెక్యూరిటీ అంటే బ్యాంకు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి. "వాచ్‌మన్‌కు గూడ సదువు అడుగుతున్నరా ఇప్పుడు? ఉన్న హోంగార్డు నౌకరి ఇడిసిపెట్టకు బిడ్డా."

మామ రాములుకు నవ్వొచ్చి పొరపోయింది. రూప కొంగు అడ్డం పెట్టుకుంది. అఖిల కూడా నవ్వింది. కిషన్ ఒక్కడే నవ్వలేదు. "సెక్యూరిటీ కాదు అత్తమ్మా, అది శాన పెద్ద సదువు" అన్నాడు. తన గొప్పను కూడా కిషన్ నోటితో చెప్పించుకోవలసి వచ్చినందుకు తిరుమలేష్‌కు నోట్లో ముద్ద చేదెక్కింది.

భోజనాలయ్యాక కిషన్ అతన్ని కారు దగ్గరికి తీసుకుపోయాడు. కారు డోరు మీద లేని దుమ్మును వేలితో తుడిచాడు.

"అన్నా, ఎవలకు చెప్పలె. మా దగ్గర కొత్త రూల్ వచ్చింది. డిప్లొమా సాలదంట, డిగ్రీ ఉండాలంట. నా తర్వాత వచ్చిన పోరడు డిగ్రీ ఉందని నా మీదికి పోతున్నడు. రూపకు గూడ చెప్పలె. నువ్వు చేరిన దాంట్ల నేను గూడ చేరొచ్చా? ఇంక టైముందా?"

కిషన్ కళ్లు అతని కళ్లలోకి ఆశగా చూస్తున్నాయి. ఇన్నేళ్లలో కిషన్ అతన్ని ఏదైనా అడగడం అదే మొదలు. తిరుమలేష్‌కు లోపల ఎంత సుఖంగా ఉందంటే, కోడి కాలు ముక్కలన్నీ ఒక్కసారే పళ్లెంలో పడ్డట్టుంది. ఆఫీసరు కుర్చీ కదులుతోంది. తన డిగ్రీ ఒక్కటీ తన దగ్గర మిగిలితే చాలు. దీంట్లోకి కూడా వీడు వచ్చి, ముందు బెంచీలో కూర్చుని, మొదటి మార్కు తెచ్చుకుంటే తను మళ్లీ గూడ అయిపోతాడు.

"తేదీ అయిపోయింది తమ్మీ" అన్నాడు. "నేను చేరిందే ఆఖరు రోజు."

గడ్డివాము దగ్గర కుక్క గడ్డి తినదు, ఆవును తిననివ్వదు అంటారు. ఇక్కడ కుక్క తింటూ కూడా ఆవును తరిమింది.

"గట్లనా" అన్నాడు కిషన్. "మంచిగైంది, నువ్వన్న చేరినవ్. నేనే లేట్ చేసిన." అతని భుజం తట్టి లోపలికి పోయాడు.

ఆ తర్వాత కూడలిలో తిరుమలేష్ ఈల వేస్తున్నాడు గానీ మనసు ఈలలో లేదు. పక్కవాడి పళ్లెం నేలపాలు చేస్తే తన కడుపు నిండుతుందనుకున్నాడు, నిండలేదు. కిషన్ ఉద్యోగం పోదు కదా, వచ్చే ఏడు చేరతాడులే అని తనకు తానే చెప్పుకున్నాడు. వచ్చే ఏటికి ఆ పోరడు కిషన్ నెత్తి మీద కూర్చుంటాడని కూడా తెలుసు. గడువు ముగిసే రోజు పొద్దున ఇక ఉండబట్టలేక రోడ్డు పక్కకు వచ్చి ఫోన్ తీశాడు. ఒక్క మాట చెబితే చాలు, తేదీ ఉందంట తమ్మీ, ఉరుకు అని. ఫోన్ తెరిచేసరికి రూప పెట్టిన ఫోటో కనపడింది. చేతులున్న ఆ ప్లాస్టిక్ కుర్చీలో కిషన్, పక్కన అతని భుజం మీద చెయ్యేసి పిచ్చమ్మ, ఇద్దరూ నవ్వుతున్నారు. తిరుమలేష్ ఫోన్ జేబులో పెట్టేసుకుని మళ్లీ కూడలిలోకి నడిచాడు. సాయంత్రానికి గడువు ముగిసింది. తను చెప్పిన అబద్ధం అప్పటికి నిజమైంది.

మొదటి ఆదివారం క్లాసుకు అతను ఆలస్యమయ్యాడు. కూడలిలో ఒక లారీ చెడిపోయి ట్రాఫిక్ ఆగిపోతే, దాన్ని పక్కకు జరిపించి ఖాకీ చొక్కాతోనే ఉరికాడు. గది కిక్కిరిసి ఉంది. అంగన్వాడీ టీచర్లు, లైన్‌మెన్లు, అంబులెన్సు డ్రైవర్లు. గోడకు ఆనుకుని కూడా మనుషులు నిలబడ్డారు. తలుపు దగ్గర నిలబడి సందు కోసం చూస్తుంటే రెండో బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది.

"అన్నా, గీడ."

కిషన్. పక్కన ఖాళీగా ఒక మనిషి పట్టే జాగా. ఆ జాగాలో నీలం గళ్ల దస్తీ.

తిరుమలేష్‌కు తేలు కుట్టినట్టయింది. కాళ్లు వెనక్కి పోదామన్నాయి. గదిలో అందరూ చూస్తున్నారు కాబట్టి ముందుకే నడిచాడు. కూర్చోబోతుంటే కిషన్ దస్తీ తీసి మడత పెట్టుకున్నాడు.

"తేదీ పెంచిండ్రంట అన్నా" అన్నాడు మెల్లగా. "మనసాగక పండుగ తెల్లారే సార్‌కు ఫోన్ చేసిన. పెంచిన సంగతి నీకు తెలిసి ఉండది."

తెరిచి ఉన్న తలుపు మీద ఆ కాగితం ఇంకా అలాగే అంటించి ఉంది. మొదటి నుంచీ ఉన్న తేదీయే, కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. కిషన్ దాన్ని చూడకుండా ఈ గదిలోకి వచ్చి ఉండడు. తెలిసి కూడా తిరుమలేష్ అబద్ధానికి తనే ఒక సాకు కుట్టి తెచ్చి చేతిలో పెడుతున్నాడు. తిరుమలేష్ తల ఎత్తలేకపోయాడు. సిగ్గుతో చెవులు కాలుతున్నాయి. ఆ సిగ్గు అడుగున పాత మంట కూడా ఉంది. ఉద్యోగంలో ముందు, కుర్చీలో ముందు, చివరికి మంచితనంలో కూడా వీడే ముందా?

జోసెఫ్ సార్ ఒక్కొక్కరినీ లేపి ఈ చదువుకు ఎందుకు వచ్చారో చెప్పమన్నాడు. కొందరు ప్రమోషన్ అన్నారు, కొందరు ఆసక్తి అన్నారు. కిషన్ లేచాడు.

"మా అన్న చేరిండు సార్. ఆయనను సూసి చేరిన."

సార్ కళ్లు తిరుమలేష్ వైపు తిరిగాయి. "మరి నువ్వు?"

తిరుమలేష్ లేచి నిలబడ్డాడు. డ్యూటీకి పనికొస్తదని అన్న మాట నాలుక మీదికి వచ్చింది గానీ బయటికి రాలేదు.

"నేను గూడ సార్" అన్నాడు. "ఈయనను సూసి..."

గదంతా గొల్లుమంది. సార్ కూడా నవ్వి, అన్నదమ్ములంటే ఇట్లుండాలె అన్నాడు. "ఓర్వలేక" అని అతను గొణిగిన మిగిలిన మాట నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. కిషన్‌కు మాత్రం వినపడి ఉంటుంది. అతను నవ్వలేదు. బెంచీ మీద కాస్త జరిగి, పుస్తకం ఇద్దరి మధ్య పెట్టాడు.

క్లాసు అయిపోయాక కిషన్ కారులో దింపుతానన్నా తిరుమలేష్ వద్దని నడుచుకుంటూ బయలుదేరాడు. బస్టాండు దగ్గర ఒక దుకాణంలో ఆగి ఎర్రంచు దస్తీ ఒకటి కొన్నాడు. మడత విప్పి, గాల్లో ఒకసారి విదిలించి చూసుకున్నాడు. వచ్చే ఆదివారం డ్యూటీ మార్పించుకోవాలి. గది తలుపు తీసే వేళకే పోవాలి. కిషన్ వచ్చేసరికి అతని సీటు మీద తన దస్తీ పడి ఉండాలి. ఈ ఒక్కదాంట్లోనైనా వాడు తనకంటే ముందు రాకూడదు.